చుక్కంత చీతా

మా ఇంట్లో మేడమీదికి మెట్లున్నాయి గాని మేడ లేదు. ముందు మెట్లు కట్టించేస్తే గది తరవాత తీరిగ్గా వేసుకోవచ్చునని రెండేళ్ళ కిందట అనుకున్నాము. ఆ గదికని దాచిన డబ్బు కాస్తా పోయిన దసరా సెలవుల్లో ఆఫ్రికా గడ్డిమైదానాల పాలయింది. ఎదురింటి పెద్దమనిషి రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు చేతబట్టుకుని, మా మెట్లవంక ఒకసారీ నావంక ఒకసారీ చూసి, "సింహాలు కులాసాయేనా, మాస్టారూ?" అని పలకరిస్తున్నారు.

ఇందులో దోషమంతా మా బావమరిదిది. నైరోబీలో ఏదో కంపెనీలో లెక్కలు చూస్తూ ఎనిమిదేళ్ళుగా అక్కడే వుంటున్నాడు. "బావగారూ, అక్కయ్యనూ పిల్లల్నీ తీసుకుని ఒక్కసారి రండి" అంటూ ఫొటోలమీద ఫొటోలు పంపి మా అబ్బాయి మనసు పాడుచేశాడు. వాడు తొమ్మిదో తరగతి. వాడికి చీతా పిచ్చి. తెలుగు మాస్టారి కొడుకై వుండి గురువేదో లఘువేదో తడుముకుంటాడు గాని, చీతా ఎంత దూరం ఎంత వేగంతో పరుగెత్తగలదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనవాళ్ళు చీతాను కూడా చిరుతపులి అని రాసేస్తూ వుంటారు. రెండూ వేరు. తిరుమల నడకదారిలో కనబడి జనాన్ని హడలగొట్టేది చిరుతపులి. అది చెట్లెక్కుతుంది, ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది. చీతా పట్టపగలు, కళ్ళనూ కాళ్ళనూ నమ్ముకుని వేటాడే జంతువు. సన్నని నడుము, చిన్న తల, కంటికొసనుంచి నోటిదాకా కాటుక కరిగి కారినట్టు నల్లని చార. పేరు మాత్రం మనదే. ఒంటినిండా చుక్కల చిత్రం వున్నది గనుక సంస్కృతంలో చిత్రకం. అదే హిందీలో చీతా అయి, ఇంగ్లీషువాళ్ళ నోటబడి లోకమంతా తిరిగింది. పేరు లోకానికిచ్చి జంతువును మనం పోగొట్టుకున్నాము. ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో 1947లో ఒక సంస్థానాధీశుడు మూడింటిని ఒకే రాత్రి కాల్చాడు. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. మళ్ళీ 2022లో నమీబియానుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో విడవవలసి వచ్చింది.

సరే, ప్రయాణం నిశ్చయమైంది. మా అమ్మను గుంటూరులో మా అక్కయ్య దగ్గర దింపి పోదామనుకున్నాము. ఆవిడకు డెబ్బయ్యొకటో ఏడు. వత్తులు చేసుకుంటూ అంతా విని, "నేనూ వస్తానురా. ఏనుగును గుడి దగ్గర కాకుండా ఇంకెక్కడైనా చూడాలని వుంది" అన్నది. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పదిరోజుల ముందే వేయించుకోవాలి. అది అయింది. కెన్యాలో 2017నుంచీ ప్లాస్టిక్ సంచులు నిషేధమని బావమరిది హెచ్చరించాడు. మా ఆవిడ పాత నేతచీర ఒకటి చింపి ఎనిమిది సంచులు కుట్టి, కందిపొడికి ఒకటి, కరివేపాకు పొడికి ఒకటి, అప్పడాలకు ఒకటి కేటాయించింది. ఆవకాయ మాత్రం గాజుసీసాలోనే వచ్చింది. నైరోబీ విమానాశ్రయంలో ఉద్యోగి ఒకాయన ఆ సీసాను ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, నన్ను చూసి, ఏమీ అడగకుండానే భక్తితో దించి పెట్టాడు.

చదువుకున్న చదువు ఎక్కడికి పోతుంది? దిగిన దగ్గరనుంచీ నేను మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను. స్వాహిలీలో బండి గారి, దుకాణం దుకా, డబ్బు పేసా, బీమా బీమాయే. చాయ్, చపాతీ సరేసరి. సఫారీ అంటే వేట కాదు, ఉత్త ప్రయాణం. హైదరాబాదులో ఉర్దూవాళ్ళు సఫర్ అంటారే, దానికి దాయాది. నేను ఇదంతా ఉత్సాహంగా వివరిస్తూ వుంటే బండిలో అందరూ నిద్రపోయారు.

నైరోబీనుంచి మాసాయి మారా సుమారు 270 కిలోమీటర్లు. రిఫ్టు లోయ అంచునుంచి దిగి, నారోక్ అనే వూరు దాటి పోవాలి. మేము దిగిన క్యాంపు అభయారణ్యంలో కాదు, దాన్ని ఆనుకుని వున్న మాసాయిల సొంత భూముల్లో. అక్కడి కుటుంబాలు తమ తమ చెక్కలను కలిపి, అడవి జంతువులకు వదిలి, క్యాంపులు నడిపేవాళ్ళకు కౌలుకిచ్చాయి. పైరు లేకుండా కౌలు వచ్చే భూమిని నేను అక్కడే చూశాను. మమ్మల్ని తిప్పడానికి వచ్చిన మాసాయి యువకుడి తండ్రికీ అందులో కొంత భూమి వున్నది. అతణ్ణి డ్రైవరు అనడానికి నాకు నోరు రాలేదు. సారథి అంటాను.

క్యాంపంటే కాన్వాసు గుడారాలు. లోపల మంచం, దుప్పటి, దీపం అన్నీ వున్నాయి. చుట్టూ కంచె మాత్రం లేదు. గుడారానికి తలుపు లేదు, జిప్పు. చీకటి పడ్డాక కాలు బయట పెట్టదలిస్తే టార్చి ఆడించాలి. ఎర్రదుప్పటి కప్పుకున్న కావలివాడు బల్లెం పట్టుకుని వచ్చి తోడు నడుస్తాడు. భోజనానికి పోవడానికీ అంతే, రావడానికీ అంతే.

"అయితే మనల్ని బోనులో పెట్టి వాటిని బయట వదిలారన్నమాట" అన్నది మా అమ్మ.

ఆ రాత్రి తొమ్మిదింటికి పక్క గుడారంలోనుంచి ఆవిడ కేక. "ఒరే నాయనా! పక్కలో ఏదో వుందిరా! వెచ్చగా వుంది! కదులుతోంది!" నేనూ కావలివాడూ ఒక్క పరుగున పోయాము. అతను దుప్పటి ఎత్తి చూసి, నవ్వు ఆపుకుంటూ బయటికి తీశాడు: వేడినీళ్ళ రబ్బరుసంచి. భూమధ్యరేఖ దగ్గరైనా అది ఎత్తయిన ప్రదేశం గనుక రాత్రుళ్ళు చలి. పక్కలు వెచ్చగా వుండాలని అందరి దుప్పట్లలోనూ ఒక్కొక్కటి పెట్టారట. ఆ తరవాత అర్ధరాత్రి నిజంగానే నీటిగుర్రం ఒకటి మా గుడారం పక్కన గడ్డి మేసిపోయింది. పళ్ళు గడ్డిని తెంపుతున్న చప్పుడు కాన్వాసు అవతలినుంచి చెవిలో వినబడుతూ వుంటే మా ఆవిడా నేనూ వూపిరి బిగబట్టి పడుకున్నాము. అమ్మ మాత్రం ఆ రబ్బరుసంచిని కౌగిలించుకుని హాయిగా నిద్రపోయింది.

సారథికీ మా అమ్మకూ స్నేహం కుదిరింది ఆవుల దగ్గర. "మీకు ఎన్ని ఆవులు?" అని అతను నన్నడిగాడు. ఒక్కటీ లేదన్నాను. అతను జాలిగా చూశాడు. పాలు పాకెట్లలో కొంటామని చెప్పడానికి సిగ్గువేసింది. తాతగారి నాటి గేదెల లెక్క అమ్మ చెబితే గాని మా వంశం పరువు నిలబడలేదు. వాళ్ళు పాలు సొరకాయ బుర్రల్లో పోస్తారట. బుర్ర లోపలిని కాలిన కొరివితో రుద్ది పొగపట్టిస్తారట. "మా పుట్టింట్లో దాలి పాలకు కూడా ఆ పొగ వాసన వుండేది" అని అమ్మ తెలుగులోనే చెప్పింది. నేను తర్జుమా చేయబోతే అతను చెయ్యెత్తి, అర్థమైందన్నాడు.

రెండోరోజు తెల్లవారుతూనే అభయారణ్యంలోకి పోయాము. 1,510 చదరపు కిలోమీటర్లు; దక్షిణాన టాంజానియాలోని సెరెంగెటీ, మధ్య కంచె లేదు. సుమారు 13 లక్షల వైల్డ్‌బీస్టులు ఏటా వానల వెంట, గడ్డి వెంట ఆ రెండింటి మధ్యా తిరుగుతూ వుంటాయి. ఆవు కొమ్ములు, మేక గడ్డం, గుర్రం తోక. సృష్టికర్త సాయంత్రం దుకాణం కట్టేస్తూ మిగిలిన ముక్కలతో చేశాడు కాబోలు. కొంతదూరం పోగానే ఏనుగుల గుంపు అడ్డం వచ్చింది. కాలికి గొలుసు లేదు, నుదుట నామం లేదు, పక్కన మావటివాడు లేడు. చిన్నపిల్ల ఒకటి తల్లి కాళ్ళ మధ్య తూలుతూ నడుస్తున్నది. అమ్మ రెండు చేతులూ జోడించింది. అవి దాటిపోయేదాకా దించలేదు.

అప్పుడు బండిలో రేడియో గరగరలాడింది. అందులో ఒక మాట వినగానే మా అబ్బాయి సీటుమీద లేచి నిలబడ్డాడు. "డూమా! డూమా అంటే చీతా, నాన్నా!"

మేము పోయేటప్పటికే అక్కడ తిరనాళ్ళగా వున్నది. పుట్టమీద తల్లి చీతా, దాని చుట్టూ మూడు పిల్లలు. పిల్లల వీపులమీద బూడిదరంగు జూలు, పొగలా. అవతల రెండువందల గజాల్లో థామ్సన్ గాజెల్ అనే చిన్న జింకల మంద. పుట్టకూ మందకూ నడుమ, అటూ ఇటూ, బండ్లు. ఒక జంతువు దగ్గర ఒకేసారి అయిదు బండ్లకు మించి వుండరాదని నియమం. మా అమ్మాయి పద్నాలుగు లెక్కపెట్టింది.

మా సారథి చాలా దూరంలోనే ఆపి ఇంజను కట్టేశాడు.

"ఇక్కడనుంచి ఏం కనబడుతుంది నాన్నా! ముందుకు పొమ్మనండి." వాడి చేతిలో మేనమామ ఇచ్చిన పొడుగాటి కెమెరా వణుకుతున్నది. అడిగాను. వాళ్ళు కదిలితే మన వంతు వస్తుందన్నాడు సారథి. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. కదలడం మాట అటుంచి, మా వెనక వచ్చిన బండ్లు రెండు మమ్మల్ని దాటుకుని ముందుకు పోయాయి. అబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను.

మేము వెళ్ళినప్పుడు అభయారణ్యానికి ప్రవేశరుసుము, పరదేశీ పెద్దవాళ్ళకు, రోజుకు 200 డాలర్లు. 2024 జూలైలో పెంచారట. మేడమీద గది తాలూకు ఒక గోడ ఆ రోజుకే ఖర్చయిందన్నమాట. ఇంత దూరం వచ్చి, ఇంత పోసి, చుక్కలాంటి దాన్ని చూసిపోవడమా? జేబులోనుంచి ఒక నోటు తీసి, ముందుకు వంగి, సారథి భుజం దగ్గర పట్టుకుని, "కొంచెం ముందుకు పోనిస్తావా? కుర్రవాడికోసం" అన్నాను.

అతను నోటును చూశాడు. కోపం లేదు. "సాయంత్రం ఇవ్వండి సార్, సంతోషంగా పుచ్చుకుంటాను. ఇప్పుడు వద్దు. ఇప్పుడు పుచ్చుకుంటే నేను పోవాలి" అన్నాడు. కాస్త ఆగి, "దాని పొట్ట చూశారా?" అన్నాడు.

బైనాక్యులర్స్ అందుకుని చూశాను. పొట్ట వీపుకు అంటుకుపోయి వున్నది.

ఇంతలో తల్లి పుట్ట దిగింది. తల నేలబారుగా దించి, ఒక్కొక్క అడుగే వేస్తూ జింకలవైపు కదిలింది. వెంటనే ఇంజన్లన్నీ ఒక్కసారి మేలుకున్నాయి. పరుగు ఎదురుగా పట్టుకోవాలని ఒక బండి చుట్టుతిరిగి పోయి సరిగ్గా మధ్యలో ఆగింది. జింకలు తలలెత్తాయి. అంతే. అర నిమిషంలో మైదానం ఖాళీ. తల్లి చీతా నిలబడి ఆ దుమ్మువంక కొంతసేపు చూసింది. తిరిగి పుట్టదగ్గరికి వచ్చింది. పిల్లలు మూడూ వచ్చి దాని పొట్టలో తలలు దూర్చాయి.

"పాలున్నాయా దానికి?" అన్నది మా అమ్మ.

సారథి ఏమన్నదని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ వుంటే అబ్బాయి నావైపే చూస్తున్నాడు.

ఇరవయ్యేళ్ళుగా వేటలు పాఠం చెబుతున్నాను. మనుచరిత్రలో స్వరోచి వేట, కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట. కుక్కలూ, వలలూ, అరుపులూ, జంతువుల పరుగులూ, పిల్లలకు వూపుగా చెబుతాను. బాగా చెబుతానని పేరు కూడా వున్నది. ఎన్నడూ నాకు తప్పెట్లు కొట్టి అడవిని అదరగొట్టేవాడి గురించి ఆలోచన రాలేదు. ఆ రోజు మా పద్నాలుగు బండ్లలో వున్నవాళ్ళమంతా ఆ తప్పెటగాళ్ళమే. కాకపోతే వాళ్ళు వేటగాడికి సాయంగా కొట్టేవాళ్ళు.

తిరిగి వచ్చాక చదివాను. మాసాయి మారా చీతాలమీద 2018లో ఒక పరిశోధన అచ్చయింది. సందర్శకుల బండ్లు తక్కువగా తిరిగేచోట తల్లి చీతా ఒక్కొక్క ఈతలో సగటున రెండుకు పైగా పిల్లలను పెంచి పెద్దచేయగలుగుతున్నది. బండ్లు కిక్కిరిసేచోట ఆ సగటు 0.2. అంటే అయిదు ఈతలకు ఒక్క పిల్ల. బండి ఏదీ పిల్లల్ని తొక్కి చంపడం లేదు. వేట చెడుతుంది, తల్లికి తిండి తప్పుతుంది. కష్టపడి పట్టింది కూడా హైనాలకో సింహాలకో వదిలి తప్పుకోవడం చీతాకు మామూలే. లోకం మొత్తంమీద మిగిలినవి సుమారు 7,000 అని లెక్క.

ఆ రాత్రి క్యాంపులో చిక్కుడుగింజల కూర, చపాతీలు, సుకుమా వికీ అనే ఆకుకూర పెట్టారు. మా ఆవిడ అందరి పళ్ళేల్లోనూ ఆవకాయ వేసింది, సారథి పళ్ళెంలో కూడా. అతను మూడు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ వేయించుకున్నాడు. అబ్బాయి సరిగా తినలేదు. నిప్పు దగ్గర నాపక్కన కూర్చుని చాలాసేపటికి అడిగాడు:

"డబ్బెందుకు తీశారు నాన్నా?"

"నీకోసమేరా."

"నేను డబ్బిమ్మని అడగలేదు గదా." మళ్ళీ తనే, "ముందుకు పొమ్మని మాత్రం అడిగాను" అన్నాడు.

క్లాసులో ఎంత తుంటరి ప్రశ్నకైనా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగలను. ఇక్కడ ఏమీ తోచలేదు. "నేనూ చూడాలనుకున్నానులే" అన్నాను చివరికి. అది నిజం. వాడు తల వూపాడు. సాయంత్రం ఇవ్వవలసిన నోటు అప్పటికే సారథికి ఇచ్చేశాను. అన్నట్టే సంతోషంగా పుచ్చుకున్నాడు.

మూడోరోజు పొద్దున్న అభయారణ్యంలోకి పోలేదు. క్యాంపు చుట్టూ వున్న మాసాయిల భూముల్లోనే తిరిగాము. అక్కడ బండ్ల సంఖ్యకు గట్టి కట్టడి వుంది. ఎండ పొడవక ముందే ఒక దిబ్బ దగ్గర సారథి బ్రేకు వేసి చూపుడువేలు చాపాడు. చాలా దూరంలో, ఎండిన గడ్డిలో, గడ్డి రంగులోనే, మరో తల్లి. దీనికీ మూడు పిల్లలే, కాస్త పెద్దవి. మరొక బండి అన్నది లేదు. "ఇంకా దగ్గరికి పోవచ్చు. ఇక్కడ ఎవరూ లేరు, మెల్లగా పోతే దానికీ ఫరవాలేదు" అన్నాడు సారథి, అబ్బాయివంక తిరిగి.

అబ్బాయి కెమెరాలోనుంచి చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "జింకలు ఎటున్నాయి?" అని అడిగాడు. దిబ్బకు అవతల వున్నాయన్నాడు సారథి.

"అయితే ఇక్కడే ఆపండి" అన్నాడు.

రెండున్నర గంటలు కూర్చున్నాము. చీతా వేట చూడడమంటే చాలావరకు చీతా పడుకుని వుండడం చూడడమేనని ఆ పొడుగాటి కెమెరాలు పట్టుకున్నవాళ్ళు ఎవరూ మనకు చెప్పరు. అమ్మ విష్ణుసహస్రనామం రెండుసార్లు పూర్తిచేసింది. మా ఆవిడ సీటుకు జారగిలబడి నిద్రపోయింది. అమ్మాయి పిట్టల పేర్లు రాసుకున్నది. ఎప్పుడు లేచిందో, తల్లి లేచింది. ఒళ్ళు విరుచుకున్నది. దిబ్బ వెనక్కి నడిచి కనబడకుండా పోయింది. పిల్లలు గడ్డిలో అణిగిపోయాయి. ఇక ఏమీ లేదు. గాలి. దూరాన ఎక్కడో మాసాయిల ఆవుమెడ గంటలు.

దిబ్బ అవతలినుంచి దుమ్ము సన్నగా లేచింది. ఆ తరవాత ఎంతసేపయిందో చెప్పలేను గాని, పిట్ట కూసినట్టు ఒక కూత. చీతా గర్జించదు, ఇలాగే కూస్తుందని అబ్బాయి ఎన్నిసార్లో చెప్పాడు, నేను నమ్మలేదు. మళ్ళీ కూసింది. గడ్డిలోనుంచి మూడు తలలు ఒక్కసారి లేచాయి. మూడూ దిబ్బమీదికి పరుగు తీశాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"పిలిచింది" అన్నాడు సారథి. "భోజనం."

మేము ఏమీ చూడలేదు. జింకనూ చూడలేదు, పరుగునూ చూడలేదు. మా అమ్మ మాత్రం, "తిననీ, తిననీ" అంటూ సంచిలోనుంచి అప్పడాలు తీసి అందరికీ పంచింది.

తెనాలి వచ్చాక చుట్టాలూ పక్కాలూ వస్తున్నారు. అబ్బాయి తీసినవాటిలో ఒక ఫొటో పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాడు. అందులో నిండా ఎండుగడ్డి, పైన ఆకాశం. మొన్న ఎదురింటి పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని, దగ్గరగా పోయి, దూరంగా జరిగి, "ఏదయ్యా నీ చీతా?" అన్నారు. వాడు దగ్గరికి పోయి, వేలు ఫొటోకు తగలకుండా గాలిలోనే ఆపి, ఎడమవైపు దిబ్బవారన వున్న ఒక చుక్కను చూపించాడు.

"ఇదా?"

"ఆఁ. పిల్లలు ఇక్కడ వున్నాయి. కనబడవు."

ఆయన ఇంకోసారి వంగి చూశారు.